విత్తనంలోని అక్షరాలు

పాఠ్యాంశ పరిచయం

విత్తనాన్ని భద్రపరచడం ఒక విద్య. భద్రపరచిన విత్తనంలో దాగి ఉన్న గుణాలను చదవడం మరొక విద్య. మొదటిది రైతు ఇంట పుట్టి తరతరాలుగా పెరిగింది. రెండవది గడచిన కొన్ని దశాబ్దాలలో ప్రయోగశాలలో రూపుదిద్దుకొంది. ఈ రెండు విద్యలకూ నిలయమైన ప్రాంతం సంగారెడ్డి జిల్లా. పంటల వైవిధ్యాన్ని అధ్యయనం చేసే డిగ్రీ విద్యార్థులకు అణు జన్యుశాస్త్రంలో స్వయంగా చేసి నేర్చుకొనే శిక్షణ ఎందుకు అవసరమో, ఆ శిక్షణలో ఏమేమి ఉంటాయో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఒకే జిల్లాలో రెండు విత్తన నిధులు

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే రహదారిలో రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు వస్తుంది. మందులు, రసాయనాలు, యంత్రభాగాలు తయారుచేసే కర్మాగారాలతో నిండిన ప్రాంతమిది. పారిశ్రామిక ప్రగతి ఇక్కడివారికి ఉపాధిని ఇచ్చింది. దానితోపాటు కష్టాన్నీ తెచ్చింది. వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి పొలాలనూ చెరువులనూ పాడుచేసిన వైనం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పొలం పాడైనప్పుడు ఆ ఏటి పంట ఒక్కటే పోదు. ఆ నేలకు అలవాటుపడిన విత్తనం కూడ క్రమంగా కనుమరుగవుతుంది.

ఆ పారిశ్రామిక వాడల పక్కనే సుమారు 1,400 హెక్టార్ల విస్తీర్ణంలో ఒక పచ్చని ప్రాంగణం కనిపిస్తుంది. అదే 1972లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ. అందరికీ అది 'ఇక్రిశాట్' అన్న పేరుతో పరిచితం. నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఒకే ప్రాంగణంలో ఉండటం ఈ స్థలం ప్రత్యేకత. వర్షాధార వ్యవసాయాన్ని పరిశోధించేవారికి ఇంతకంటె అనుకూలమైన క్షేత్రం దొరకదు.

ఆ ప్రాంగణంలో రాజేంద్ర ఎస్. పరోడా పేరు పెట్టిన జన్యు నిధి ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, రాగి, ఇతర చిరుధాన్యాలకు చెందిన 1,20,000కు పైగా విత్తన నమూనాలను అక్కడ భద్రపరిచారు. ఇవి 144 దేశాల నుండి వచ్చినవి. తరచుగా వాడుకకు ఇచ్చే విత్తనాలను 4 డిగ్రీల సెంటీగ్రేడ్ చలిలో ఉంచుతారు. దీర్ఘకాలం నిలువ ఉండవలసిన వాటిని బాగా ఆరబెట్టి, గాలి తీసిన అల్యూమినియం సంచులలో మూసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన దాచుతారు. వాటి మొలక శాతాన్ని అప్పుడప్పుడు పరీక్షిస్తారు. శక్తి తగ్గిన విత్తనాన్ని మరల పొలంలో పండించి కొత్త విత్తనం సేకరిస్తారు. ఇక్కడేదైనా ప్రమాదం జరిగినా నష్టం కలగకుండా, 2008లో ప్రారంభమైన నార్వే దేశపు స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి ప్రతిరూపాలు పంపారు. ఇథియోపియా, కామెరూన్, కెన్యా వంటి దేశాలు తాము కోల్పోయిన రకాలను ఈ నిధి నుండే తిరిగి పొందాయి.

ఇదే జిల్లాలో, ఇదే రహదారి మీద పడమరగా వెళ్తే జహీరాబాదు వస్తుంది. దాని పరిసర గ్రామాలలో రెండవ విత్తన నిధి ఉంది. దానికి శీతల గదులు లేవు. మట్టి కుండలు, వెదురు గుమ్ములు, వేపాకు, బూడిద - ఇవే దాని సాధన సామగ్రి. 1983లో ఏర్పడిన దక్కన్ అభివృద్ధి సంఘం ఆధ్వర్యంలో పేద దళిత మహిళా రైతులు గ్రామ గ్రామాన విత్తన నిధులను నెలకొల్పారు. పచ్చజొన్న, కొర్ర, సామ, తైద, కంది వంటి పంటలను ఒకే చెలకలో కలిపి పండించే పద్ధతిని వారు నిలబెట్టారు. ఏటా సంక్రాంతి దినాలలో ఎడ్లబండ్లపై విత్తనాలను అలంకరించి ఊరూరా 'పాతపంటల జాతర' సాగిస్తారు. 2019లో ఈ సంఘానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది.

పటాన్‌చెరు నిధిలో విత్తనం నిద్రిస్తుంది. జహీరాబాదు నిధిలో విత్తనం ఏటేటా మేల్కొని మారుతున్న వానలకూ ఎండలకూ అలవాటుపడుతుంది. రెండూ అవసరమే. అయితే ఏ నిధి అయినా అందులో ఏమున్నదో తెలిసినప్పుడే పూర్తిగా ఉపకరిస్తుంది. విత్తనాన్ని దాచడం సగం పని. దానిని చదవగలిగిన మనుషులను తయారుచేయడం మిగిలిన సగం.

2. వైవిధ్యం లేకపోతే ఏమవుతుంది?

అధిక దిగుబడి ఇచ్చే ఒక్క రకం ఉంటే చాలదా, ఇన్ని వేల రకాలు దాచడం ఎందుకు అనే సందేహం కలగవచ్చు. చరిత్ర దీనికి సమాధానం చెప్పింది.

1845లో ఐర్లండు దేశంలో ఆలుగడ్డ పంటను మాడు తెగులు నాశనం చేసింది. ప్రజలు కొద్దిపాటి రకాల మీదనే ఆధారపడటంతో తెగులుకు అడ్డు లేకపోయింది. దాని వెంట వచ్చిన కరవులో సుమారు పది లక్షల మంది మరణించారు. 1970లో అమెరికాలో మొక్కజొన్న పంటలో దాదాపు 15 శాతం ఆకుమాడు తెగులుకు బలి అయింది. అక్కడ సాగులో ఉన్న సంకర వంగడాలలో అత్యధికం ఒకే రకమైన కణద్రవ్యాన్ని తల్లి నుండి పొందాయి. తెగులును కలిగించే శిలీంధ్రానికి ఆ కణద్రవ్యమే అనువైన మార్గమైంది.

మన దేశానికి కూడ ఇటువంటి అనుభవం ఉంది. 1965 నుండి విడుదలైన తొలి సజ్జ సంకర వంగడాలు రైతులకు మంచి దిగుబడి ఇచ్చాయి. కాని వాటికి తల్లి వంశం ఒక్కటే. అది అమెరికా నుండి వచ్చిన 'టిఫ్ట్ 23 ఏ'. 1970వ దశకం తొలి సంవత్సరాలలో వెర్రి కంకి తెగులు విజృంభించి, గింజ కట్టవలసిన కంకులు ఆకుల గుత్తులుగా మారిపోయాయి. దిగుబడి కుప్పకూలింది. ఒక చేనులో ఒక మొక్కకు సోకిన జబ్బు అన్ని చేలలోని అన్ని మొక్కలకూ సోకింది. ఎందుకనగా జన్యుపరంగా అవన్నీ దగ్గరి చుట్టాలే.

అందువలన వైవిధ్యమనేది పంటకు అలంకారం కాదు, రక్షణ కవచం. రేపు రాబోయే తెగులుకు, రేపటి అనావృష్టికి సమాధానం ఈనాడు ఎవరూ పట్టించుకోని ఏదో ఒక నాటు రకంలో ఉండవచ్చు. అది ఏ రకమో తెలుసుకొనేది ఎట్లా?

3. కంటికి కనిపించని భేదం

పూర్వం విత్తన రకాలను చూపుతోనే వేరుచేసేవారు. మొక్క ఎత్తు, పువ్వు రంగు, గింజ పరిమాణం, పంటకాలం - ఇవే ఆధారాలు. ఈ పద్ధతి నేటికీ అవసరమే. అయినా దానికొక పరిమితి ఉంది. ఒకే రకం నల్లరేగడిలో ఏపుగా, ఎర్రనేలలో గిడసగా పెరగవచ్చు. చూసినవారికి అవి రెండు రకాలుగా తోచవచ్చు. అట్లే చూపుకు ఒకే తీరుగా ఉన్న రెండు కంది గింజలలో ఒకదానికి ఎండు తెగులును తట్టుకొనే శక్తి ఉండి, మరొకదానికి లేకపోవచ్చు.

ఈ భేదం మొక్క ప్రతి కణంలోనూ ఉండే డి.ఎన్.ఏ. అనే అణువులో లిఖితమై ఉంటుంది. ఆ లిపికి నాలుగే అక్షరాలు - ఎ, టి, జి, సి. కంది మొక్క జన్యురాశిలో ఇట్టి అక్షరాలు సుమారు 83 కోట్లు ఉంటాయి. వాటి వరుసలో ఎక్కడో వచ్చే చిన్న మార్పు మొక్క గుణంలో పెద్ద మార్పుకు కారణం కావచ్చు.

దీనిని అర్థం చేసుకొనడానికి తాళపత్ర ప్రతులను తలచుకొందాం. పూర్వం ఒక కావ్యాన్ని లేఖకులు చేతితో ప్రతులు తీసేవారు. ఒక లేఖకుడు ఒక అక్షరం మార్చితే, అతని ప్రతిని చూసి రాసినవారందరూ ఆ మార్పునే కొనసాగించేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితుల సహాయంతో తెలుగు కావ్యాల ప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి చూపించాడు. ఒకే పాఠభేదం ఉన్న ప్రతులకు మూలం ఒకటే కావచ్చునని పరిష్కర్తలు గ్రహిస్తారు. జన్యుశాస్త్రజ్ఞుడు చేసేదీ అదే. డి.ఎన్.ఏ.లోని పాఠాంతరాలను పోల్చి, ఏ రకం ఏ రకానికి చుట్టమో, ఏది దూరమో నిర్ణయిస్తాడు. ఇట్టి పాఠాంతరాలను గుర్తించడానికి ఆనవాళ్లుగా వాడే డి.ఎన్.ఏ. భాగాలను 'మార్కర్లు' అంటారు.

డి.ఎన్.ఏ.లో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు పదేపదే పునరావృతమవుతాయి. ఉదాహరణకు 'సి, ఎ' అనే జంట ఒక రకంలో 12 సార్లు, మరొక రకంలో 17 సార్లు రావచ్చు. అప్పుడు రెండవ రకంలోని ఆ భాగం మొదటి దానికంటె 10 అక్షరాలు పొడవుగా ఉంటుంది. ఈ పొడవును కొలవగలిగితే రకాలను వేరుచేయవచ్చు. డిగ్రీ విద్యార్థి ప్రయోగశాలలో స్వయంగా చేయగలిగిన పని ఇదే.

4. చేతితో నేర్చే విద్య

పుస్తకంలో చదివిన డి.ఎన్.ఏ. వేరు, గాజు గొట్టంలో తెల్లని దారంలా తేలిన డి.ఎన్.ఏ. వేరు. ఈత గురించి ఎంత చదివినా నీటిలో దిగనివానికి ఈత రాదు. అందువలన శిక్షణలో ప్రతి విద్యార్థి తన చేతులతో ఈ క్రింది దశలను దాటవలసి ఉంటుంది.

మొదటి దశ: నమూనా సేకరణ. విద్యార్థులు ఒక్కొక్క రకం గింజలను విడివిడి కుండీలలో మొలకెత్తించి, లేత ఆకులను కోస్తారు. ముదురు ఆకులలో పిండిపదార్థాలు, జిగురు పదార్థాలు ఎక్కువగా ఉండి తరువాతి పనికి అడ్డు తగులుతాయి. ప్రతి ఆకు మీద రకం సంఖ్య, కుండీ సంఖ్య రాసిన చీటీ ఉండాలి. చీటీ మారితే ఆ తరువాత ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం తప్పే అవుతుంది. శాస్త్రం మొదట నేర్పే పాఠం చక్కగా పేరు రాయడం.

రెండవ దశ: డి.ఎన్.ఏ.ను వెలికితీయడం. ఆకును అతిశీతల ద్రవ నైట్రోజన్‌లో ఘనీభవింపజేసి కల్వంలో పొడి చేస్తారు. ఆ పొడికి సి.టి.ఏ.బి. అనే డిటర్జెంట్ వంటి పదార్థం కలిసిన ద్రావణాన్ని చేర్చి, 65 డిగ్రీల వేడిలో ఉంచుతారు. దానితో కణపు పొరలు కరిగి డి.ఎన్.ఏ. బయటపడుతుంది. తరువాత క్లోరోఫామ్ చేర్చి కలిపి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పుతారు. మాంసకృత్తులు, చెత్త క్రిందికి చేరగా డి.ఎన్.ఏ. పైనున్న నీటి పొరలో మిగులుతుంది. ఆ పొరను జాగ్రత్తగా వేరుచేసి చల్లని ఐసోప్రొపనాల్ చేర్చగానే తెల్లని నూలుపోగుల వంటివి తేలుతాయి. విద్యార్థి మొదటిసారి డి.ఎన్.ఏ.ను కంటితో చూసేది ఈ క్షణంలోనే.

మూడవ దశ: శుద్ధిని, పరిమాణాన్ని పరీక్షించడం. ద్రావణం ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకొంటుందో పరికరంతో కొలుస్తారు. 260, 280 నానోమీటర్ల వద్ద వచ్చిన రెండు విలువల నిష్పత్తి సుమారు 1.8 ఉంటే డి.ఎన్.ఏ. శుద్ధంగా ఉన్నట్లు. అంతకంటె బాగా తగ్గితే మాంసకృత్తులు మిగిలిపోయినట్లు గ్రహించాలి.

నాలుగవ దశ: ప్రతులు తీయడం. జన్యురాశిలో మనకు కావలసిన భాగం చాల చిన్నది. దానిని కోట్ల ప్రతులుగా పెంచే పద్ధతిని 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మల్లిస్ రూపొందించి, 1993లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. దానిని 'పాలిమరేజ్ శృంఖల చర్య' లేదా క్లుప్తంగా పి.సి.ఆర్. అంటారు. 94 డిగ్రీల వేడిలో డి.ఎన్.ఏ. రెండు పోగులూ విడిపోతాయి. సుమారు 55 డిగ్రీలకు చల్లబరచగా ప్రైమర్లనే చిన్న తునకలు మనకు కావలసిన భాగానికి ఇరువైపులా అతుక్కొంటాయి. 72 డిగ్రీల వద్ద ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. ఒక చక్రం పూర్తయ్యేసరికి ఒక ప్రతి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఈ లెక్కన 10 చక్రాలకు 1,024, 30 చక్రాలకు సుమారు 107 కోట్ల ప్రతులు కావాలి. అంత వేడికి చెడిపోని ఆ ఎంజైము అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి ఊటలలో దొరికిన ఒక బాక్టీరియాలోనిది. ఎవరికీ పనికిరాదనిపించిన సూక్ష్మజీవి ప్రపంచ ప్రయోగశాలలకు ప్రాణమైంది. వైవిధ్యాన్ని కాపాడవలసిన అవసరానికి ఇది మరొక నిదర్శనం.

ఈ దశలో వాడే సాధనం మైక్రోపిపెట్. అది లీటరులో పది లక్షవ వంతు ద్రవాన్ని కూడ కొలిచి తీస్తుంది. దాని బొత్తాన్ని ఎంతవరకు నొక్కాలి, ఎంత నిదానంగా వదలాలి అన్నది మాటలలో చెప్పడం కష్టం. బొటనవేలు నేర్చుకోవలసిన విద్య అది. మొదటి రోజు రంగునీటితో అభ్యాసం చేయించి, రెండవ రోజుకు గాని అసలు ద్రావణాలను విద్యార్థుల చేతికి ఇవ్వకపోవడం మంచి శిక్షకుల పద్ధతి.

ఐదవ దశ: వేరుచేసి చూడడం. పాచి నుండి తీసిన అగరోజ్‌తో తయారైన జెల్ పలకలో చిన్న గుంటలు ఉంటాయి. వాటిలో నమూనాలను పోసి విద్యుత్తు ప్రసరింపజేస్తారు. డి.ఎన్.ఏ.కు రుణావేశం ఉండటం వలన అది ధన ధ్రువం వైపు కదులుతుంది. పొట్టి తునకలు జెల్ సందుల గుండా వేగంగా సాగుతాయి, పొడుగువి వెనుకబడతాయి. జాతరలో ఇరుకు సందులలో చిన్నపిల్లలు చకచకా దూరిపోగా పెద్దలు వెనుకబడినట్లే ఇది. పది అక్షరాల పాటి స్వల్ప భేదాలను చూడడానికి మరింత సన్నని సందులు గల పాలిఅక్రిలమైడ్ జెల్ వాడతారు. చివరకు అతినీలలోహిత కాంతిలో పట్టీలు మెరుస్తూ కనిపిస్తాయి. ఆ పట్టీలే విత్తనం పలికిన మాటలు. ఇక్కడ వాడే కొన్ని రంగులు, కాంతి కూడ ఆరోగ్యానికి హాని చేయగలవు. కనుక చేతితొడుగులు, కళ్లజోడు తప్పనిసరి.

5. పట్టీల నుండి అర్థానికి

పట్టీ కనిపించినంత మాత్రాన పని ముగియలేదు. పట్టీ ఉన్నచోట 1, లేనిచోట 0 రాసి పట్టిక తయారుచేస్తారు. ఒక విద్యార్థిని రెండు కంది నమూనాలను కొన్ని మార్కర్లతో పరీక్షించిందనుకొందాం. మొదటి దానిలో 20 పట్టీలు, రెండవ దానిలో 16 పట్టీలు వచ్చాయి. రెండింటికీ సమానమైనవి 12. సమాన పట్టీల సంఖ్యను రెట్టింపు చేసి, మొత్తం పట్టీల సంఖ్యతో భాగించాలి. 24ను 36తో భాగిస్తే 0.67 వస్తుంది. ఈ విలువ 1 అయితే ఆ మార్కర్ల దృష్టిలో రెండూ ఒకటే. 0 అయితే పోలికే లేదు. ఇట్లా అన్ని నమూనాలనూ జంటలు జంటలుగా పోల్చి, కంప్యూటర్ సహాయంతో వంశవృక్షం వంటి చిత్రాన్ని గీస్తారు.

ఈ చిత్రానికి గొప్ప ప్రయోజనం ఉంది. ఇక్రిశాట్ నిధిలో ఒక్క శనగలోనే వేలకొలది నమూనాలు ఉన్నాయి. ఒక కొత్త తెగులు వస్తే వాటన్నిటినీ పొలంలో పరీక్షించడం అసాధ్యం. అందువలన 2001లో అక్కడి శాస్త్రజ్ఞులు 16,991 శనగ నమూనాల నుండి 1,956 ఎన్నుకొని 'సార సంపుటి'గా, వాటి నుండి 211 మాత్రమే ఎన్నుకొని 'లఘు సార సంపుటి'గా రూపొందించారు. ఆనాటి ఎంపికకు మొక్కల రూపగుణాలు ఆధారం. తరువాతి కాలంలో మార్కర్లు అటువంటి సంపుటులలోని వైవిధ్యాన్ని అణుస్థాయిలో పరీక్షించడానికి తోడ్పడ్డాయి. పెద్ద గ్రంథాలయంలోని సారాన్ని ఒక్క బీరువాలో అమర్చినట్లు, వందలో ఒక వంతు నమూనాలతో మొత్తం వైవిధ్యానికి ప్రాతినిధ్యం కల్పించడం దీని లక్ష్యం.

ఈ దశలోనే విద్యార్థి శాస్త్రీయ నిజాయితీని అభ్యసిస్తాడు. ప్రతి ప్రయోగంలోనూ డి.ఎన్.ఏ. వేయకుండా నీరు మాత్రమే పోసిన ఒక గొట్టం ఉంచుతారు. అందులో పట్టీ రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో కల్తీ జరిగింది. మిగిలిన ఫలితాలు ఎంత అందంగా ఉన్నా వాటిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు రోజుల శ్రమను వదులుకోవడం ఎవరికైనా బాధాకరమే. కాని ఆ ఫలితాన్ని నమ్మి ఒక రైతు విత్తనం ఎంచుకొంటాడని గుర్తుంటే, వదులుకోవడమే న్యాయమని బోధపడుతుంది.

6. ప్రయోగశాల నుండి పొలానికి

ఈ విద్య వలన రైతుకు కలిగిన మేలు ఏమిటి? సజ్జ కథనే కొనసాగిద్దాం. హర్యానా రైతులు ఇష్టపడిన 'హెచ్.హెచ్.బి. 67' అనే సంకర వంగడం 1990లో విడుదలైంది. రెండు నెలలకు కాస్త అటు ఇటుగా కోతకు వచ్చే ఈ పంట కరవు నేలలకు వరం. కాలక్రమంలో దానికీ వెర్రి కంకి తెగులు బెడద తలెత్తింది. హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్, బ్రిటన్ పరిశోధన సంస్థలు కలిసి, తెగులును తట్టుకొనే జన్యుభాగాలను మార్కర్ల సహాయంతో గుర్తించి, దాని జనక వంశంలోనికి సంకరణం ద్వారా చేర్చాయి. 2005లో మెరుగుపరచిన వంగడం విడుదలైంది. మార్కర్ల సహాయంతో మన దేశంలో ప్రభుత్వ రంగం నుండి రైతులకు అందిన తొలి వంగడాలలో ఇది ఒకటి.

తెలుగువారి పళ్లెంలోని అన్నానికి సంబంధించిన మరొక ఉదాహరణ ఉంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి బియ్యం సన్నదనానికీ రుచికీ పెట్టింది పేరు. అయితే బాక్టీరియా ఎండాకు తెగులుకు అది సులభంగా లొంగిపోయేది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి మూడు నిరోధక జన్యువులను మార్కర్ల సహాయంతో దానిలో చేర్చి, 2008లో 'మెరుగైన సాంబ మసూరి'ని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుండి వచ్చింది. ఎక్కడో గడ్డిగా పెరిగిన వరి ఇక్కడి రైతు పంటను కాపాడింది.

ఒక విషయాన్ని విద్యార్థులు స్పష్టంగా గ్రహించాలి. పై రెండు వంగడాలూ జన్యుమార్పిడి పంటలు కావు. మొక్కకు మొక్కకు పుప్పొడితో సంకరణం చేసే పాత పద్ధతినే అనుసరించారు. వేల పిల్లమొక్కలలో కావలసిన జన్యువు ఎందులో ఉందో మొలక దశలోనే తెలుసుకొనడానికి మాత్రమే మార్కర్లు ఉపయోగపడ్డాయి. గుర్తించడం వేరు, మార్చడం వేరు.

జన్యురాశిని సంపూర్ణంగా చదివే కాలం కూడ వచ్చింది. 2011లో ఇక్రిశాట్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 'ఆశ' అనే కంది వంగడం జన్యురాశి ముసాయిదాను వెలువరించి, అందులో 48,680 జన్యువులను అంచనా వేసింది. అదే సంవత్సరం భారత శాస్త్రజ్ఞుల మరొక బృందం కూడ అదే వంగడంపై తమ ఫలితాలను ప్రకటించింది. 2013లో శనగ జన్యురాశి వెలువడింది. 2021 నాటికి 3,366 శనగ నమూనాల జన్యురాశులను చదివి పోల్చగలిగారు. పప్పుధాన్యం మన ప్రజల మాంసకృత్తులకు ముఖ్యాధారం. దాని జన్యురాశిని చదివే పనిలో పటాన్‌చెరు ముందు నిలవడం మనకు గర్వకారణం.

7. శిక్షణకు అవకాశాలు, హద్దులు

ఇంతటి సమాచారాన్ని అర్థం చేసుకొనేవారు కావాలి. 2007లో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో ఇక్రిశాట్‌లో జన్యురాశి శాస్త్ర శ్రేష్ఠతా కేంద్రం ఏర్పడి, మార్కర్ల వినియోగంలో శిక్షణ తరగతులు నిర్వహించింది. ఆ సంస్థ విద్యార్థులను కూడ ప్రాజెక్టు పనికి, శిక్షణకు స్వీకరిస్తూ వచ్చింది. 2008లో అదే విభాగం ప్రారంభించిన 'స్టార్ కళాశాల' పథకం డిగ్రీ కళాశాలల ప్రయోగశాలలను బలపరచి, విద్యార్థులు స్వయంగా ప్రయోగాలు చేసే అవకాశాన్ని విస్తరింపజేయాలని సంకల్పించింది.

అయినా అవకాశం అందరికీ సమానంగా అందడం లేదు. పి.సి.ఆర్. యంత్రం, రసాయనాలు ఖరీదైనవి. చాల కళాశాలలలో అధ్యాపకుడు చేసి చూపగా విద్యార్థులు చుట్టూ నిలబడి చూడడంతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. చూసినవాడు మరచిపోతాడు, చేసినవాడు గుర్తుంచుకొంటాడు. యంత్రం లేకున్నా అరటిపండు, ఉప్పు, పాత్రలు తోమే ద్రవం, చల్లని సారాయి స్పిరిట్ వంటి వాటితో డి.ఎన్.ఏ.ను వెలికితీసే సులభ ప్రయోగాన్ని ఏ కళాశాలలోనైనా చేయించవచ్చు. ఆ తరువాతి దశలకు నాలుగైదు కళాశాలలు కలిసి ఒకే యంత్రాన్ని పంచుకొనవచ్చు.

మార్కర్లకూ హద్దు ఉంది. రెండు పచ్చజొన్న రకాల మధ్య ఎంత భేదమున్నదో అవి చెప్పగలవు. ఏ జొన్న రొట్టె మెత్తగా వస్తుందో, ఏ చొప్పను పశువులు ఇష్టంగా తింటాయో, ఏ గింజ పురుగు పట్టక ఏడాది నిలుస్తుందో జహీరాబాదు మహిళా రైతు చెప్పాలి. ప్రయోగశాల పట్టికలో ఒక గడి ఆమె మాటకు కేటాయించకపోతే ఆ పట్టిక అసంపూర్ణం.

చట్టాన్ని కూడ తెలుసుకోవాలి. విత్తన నమూనా ఎవరి సొత్తో అడగకుండా తీసుకొనరాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతును వంగడాన్ని కాపాడినవానిగా, పెంపొందించినవానిగా గుర్తించింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం జీవ వనరుల వలన కలిగే లాభాన్ని వాటిని కాపాడినవారితో న్యాయంగా పంచుకోవాలని నిర్దేశించింది. జన్యు నిధి నుండి విత్తనం పొందేవారు కూడ ఒప్పందపత్రంపై సంతకం చేయాలి. ఆకు కోసే ముందు అనుమతి అడగడం ఈ శాస్త్రంలో మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

8. ముగింపు

ఒక ప్రాంతంలో కర్మాగారాలు, పొలాలు, పరిశోధన సంస్థలు పక్కపక్కనే ఉండవచ్చు. వాటి మధ్య వారధి కాగలిగినవారు అక్కడ చదువుకొనే విద్యార్థులు. రైతుబిడ్డ అయిన విద్యార్థి మైక్రోపిపెట్ పట్టుకొన్ననాడు రెండు విద్యలూ ఒక్క చేతిలో కలుస్తాయి. అమ్మమ్మ గుమ్మిలోని పిడికెడు గింజలలో ఏమున్నదో అతడు చదవగలడు. చదివినదాన్ని తిరిగి ఆమెకు ఆమె భాషలో వివరించగలడు. ఆ రెండవ పని మొదటిదానికంటె చిన్నది కాదు. శీతల గదులను ధనంతో కట్టవచ్చు. విత్తనాన్ని చదివే నేర్పును మాత్రం ఒక్కొక్క విద్యార్థికి, ఒక్కొక్క చేతికి, ఓపికగా నేర్పవలసిందే.

అర్థాలు

వంగడం - మేలైన విత్తన రకం
సంకరం - రెండు భిన్న రకాల కలయిక వలన పుట్టినది
చెలక - ఎర్రనేల గల మెట్ట పొలం
గుమ్మి - ధాన్యం నిలువ చేసే పెద్ద బుట్ట
తైద - రాగి
పాఠాంతరం - ఒకే రచన ప్రతులలో కనిపించే మాటల భేదం
కల్వం - మందులు నూరే రాతి పాత్ర
అనావృష్టి - వానలు లేకపోవడం
వారధి - వంతెన

ప్రశ్నలు

క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పటాన్‌చెరు, జహీరాబాదు విత్తన నిధుల మధ్య గల పోలికలను, భేదాలను వివరించండి.
2. ఆకును సేకరించింది మొదలు పట్టీలు కనిపించే వరకు జరిగే దశలను క్రమంగా రాయండి.

క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. తొలి సజ్జ సంకర వంగడాలు తెగులుకు లొంగిపోవడానికి కారణమేమిటి?
2. తాళపత్ర ప్రతులతో డి.ఎన్.ఏ.ను రచయిత ఏ విధంగా పోల్చాడు?
3. నీరు మాత్రమే పోసిన గొట్టం విద్యార్థికి ఏమి నేర్పుతుంది?
4. ఒక నమూనాలో 15, మరొక దానిలో 10 పట్టీలు ఉండి, సమానమైనవి 10 అయితే పోలిక విలువ ఎంత?
5. మీ ఊరిలో పూర్వం పండించి ఇప్పుడు పండించని పంటలను గురించి పెద్దలనడిగి పది వాక్యాలు రాయండి.